పొలుసు లేనివి

పాస్టరు బెన్హర్ అన్నం వద్దన్నాడు.

కామమ్మ అప్పుడు ఇంటి ముందు తాటాకు పందిట్లో ఎండ్రకాయలు కడుతోంది. ఒక్కొక్కదాన్నీ వెనకనుంచి ఒడుపుగా పట్టి, నేలకు అదిమి, వీపు మీద మడమ ఆనించి, కత్తెరల్లాంటి రెండు డెక్కలనూ లోపలికి మడిచి తాడు బిగించాలి. బిగువు తగ్గితే మద్రాసు చేరేలోగా ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. ఎక్కువైతే డెక్క ఊడి చేతికొస్తుంది. తాడు కొస పళ్లమధ్య ఉండడంతో "కూచోండయ్యగారూ" అన్న మాట సగమే బయటికి వచ్చింది.

బెన్హర్ బండికి స్టాండు వేసి పందిట్లోకి వచ్చాడు. మామూలుగా అయితే బండి దిగకముందే పొయ్యివైపు ముక్కు ఎగబీల్చి, "పులుసులో మామిడికాయ పడిందా అక్కా" అని అడిగే మనిషి. ఇవాళ పొయ్యి ఉన్న దిక్కుకే చూడలేదు. పీట లాక్కుని ఓ పక్కగా కూర్చుని, బుట్టలో కదులుతున్న ఎండ్రకాయలను కొత్తగా చూస్తున్నవాడిలా చూశాడు.

"చేతులు కడుక్కోండి, పెడతా."

"వద్దులే అక్కా. ఉపవాసం."

"బుధవారం పూట ఏం ఉపవాసం? మనకు శుక్రవారం గదా."

"సంఘానికి కాదు. నా సొంతానికి."

కామమ్మ లోపలికి వెళ్లింది. టీ తెచ్చి ఇచ్చింది. ఆయన జేబులోంచి బిస్కట్ల పొట్లం తీసి, ఒకటి తర్వాత ఒకటి టీలో ముంచుకుని తిన్నాడు. బిస్కట్లు తినే ఉపవాసం ఆమె అంతవరకు చూడలేదు.

కరకట్ట దిగి ఆదిశేషమ్మ వచ్చింది. కట్టకు అవతల యానాది ఇళ్లలో ఉంటుంది. పాటుకు నీళ్లు వెనక్కి తీసిన బురదలో చెయ్యి పెట్టి ఎండ్రకాయను పట్టడంలో ఆమెను మించినవాళ్లు కొంగలదిబ్బలో లేరు. పట్టినవన్నీ కామమ్మకే ఇస్తుంది. గంపను పందిరి అంచుదాకా తోసి, తను ఎండలోనే గొంతుక్కూర్చుంది. ఆమె చోటు అదే.

"దండాలయ్యా" అంది బెన్హర్‌ని చూసి.

"వందనాలు ఆదిశేషమ్మా" అన్నాడు ఆయన. బిస్కట్ల పొట్లం మడిచి జేబులో పెట్టుకుంటూ, అసలు వచ్చిన పని అప్పుడే గుర్తొచ్చినట్టు చెప్పాడు. "అక్కా, ఈ ఆదివారం సూళ్లూరుపేట సంఘ పెద్ద వస్తున్నారు, సుధాకర్ గారు. ఆరాధన అయినాక మనతోనే భోజనం. ఈసారి ఎండ్రకాయా వద్దు, రొయ్యా వద్దు. పప్పు చేద్దాం."

"ఎందుకని?"

"ఆయనకు పడదు."

"పడకపోతే ఆయన మానుకుంటాడు. మనమెందుకు మానుకోవడం?"

బెన్హర్ లేచాడు. బండి తీశాడు. కామమ్మ చేతిలోని ఎండ్రకాయ, తాడు బిగించకముందే డెక్క విప్పుకుని ఆమె బొటనవేలిని పట్టుకుంది.

*

సంగతేమిటో శుక్రవారం సాయంత్రానికి మొగుడి నోటినుంచి విన్నది. గంగులయ్య ప్రార్థన మందిరానికి రాడు. పోలేరమ్మకు పొంగలి పెట్టే మనిషి. పెళ్లాం యేసయ్యను నమ్ముకుంటానన్నప్పుడు "నీ ఇష్టం, నా కూడు మటుకు వేళకు వెయ్యి" అని ఊరుకున్నాడు. వల చిరుగులు కుట్టుకుంటూ చెప్పాడు.

"రెక్కా పొలుసూ రెండూ ఉంటేనే తినాలంటమ్మే. ఎండ్రకాయ, రొయ్య, జెల్ల, అన్నీ అపవిత్రమంట. సూళ్లూరుపేటలో మీవాళ్లు అదే బోధిస్తా ఉండారు. మానుకోనోళ్లకు వచ్చే నెలనుంచి బల్ల లేదంట. బల్లంటే ఏంది?"

"ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షరసం." కామమ్మ అతని చేతిలోని వల పట్టి ఆపింది. "ఎవురు చెప్పినారు నీకు?"

"చేపల వేలంపాట కాడ అనుకుంటా ఉండారు. శనివారం వల కూడా ఎయ్యకూడదంట. రాకెట్టు వదిలే రోజు గవర్నమెంటోళ్లు ఎయ్యనీరు, శనివారం మీవోళ్లు ఎయ్యనీరు. ఇంక చేపలు కూడా మతం పుచ్చుకుంటాయి హాయిగా."

ఆమె నవ్వలేదు. తమ కుండలో ఏం ఉడుకుతుందో సూళ్లూరుపేటలో మందుల షాపు నడుపుకునే సుధాకర్‌కు ఎట్లా తెలిసింది? ఎవరో అక్కడికి మాట మోశారు. బెన్హర్ మోసి ఉండడు. మూడేళ్లుగా ఆమె చేతి పులుసు తిని, డెక్కలు పళ్లతో పటుక్కున కొరికి, వేళ్లు నాకినవాడు. మోస్తే ముందు ఆయన మెడకే చుట్టుకుంటుంది.

మరైతే ఎవరు?

రెబెక్కమ్మ టీచరు సోమవారం సూళ్లూరుపేట బస్సెక్కింది. కామమ్మ కళ్లారా చూసింది. రిటైరై ఇక్కడే ఉండిపోయిన టీచరమ్మ తాతలనాటి క్రైస్తవురాలు. ఇంటిముందు తులసిమొక్క ఉన్న చోటునుంచి వచ్చినవాళ్లకు, పుట్టుకతోనే పాటలు నేర్చినవాళ్లకు తేడా ఉంటుందని కామమ్మకు ఎవరూ చెప్పనక్కరలేదు. పైగా ఇన్నేళ్లలో ఆ మనిషి ఒక్కనాడైనా నలుగురితో కూర్చుని ఎండ్రకాయ ముట్టిందా? ఆదివారం తన వాటా గిన్నెలో పెట్టించుకుని, మూత పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్తుంది. తింటుందో, గోడవతల పారబోస్తుందో ఎవరు చూశారు?

ఒకసారి అట్లా అనుకున్నాక అన్నీ అటే ఒరిగాయి. టీచరమ్మ ప్రార్థనలో కళ్లు ముందుగా తెరుస్తుంది. టీచరమ్మ వంటల దగ్గరికి వచ్చి ఎవరెవరు ఏం తెచ్చారని అడుగుతుంది. మొన్న బెన్హర్‌తో మందిరం వెనక ఏదో మాట్లాడుతూ తను రాగానే మాట మార్చింది.

శనివారం పొద్దున రెబెక్కమ్మ గిన్నె పట్టుకుని రొయ్యలకు వచ్చింది. గంప నిండా ఉన్నాయి. కామమ్మ లేచి తడి గోనె దాని మీదికి లాగింది.

"లేవు టీచరమ్మా."

గోనె కింద రొయ్యలు చిటపటలాడాయి. ఇద్దరూ విన్నారు. రెబెక్కమ్మ గోనెవైపు చూసి, కామమ్మ మొహంవైపు చూసింది.

"సరేలేమ్మా" అని గిన్నె చంకలో పెట్టుకుని, మోకాళ్ల నొప్పితో ఒక్కో అడుగూ చూసుకుంటూ వెళ్లిపోయింది.

తప్పు చెయ్యకపోతే ఎందుకని అడగదా? అనుకుంది కామమ్మ. అడగలేదంటే తెలిసే.

*

ఆదివారం ఆమె పెద్ద గిన్నెతో ఎండ్రకాయ పులుసు పెట్టింది.

"గుడికి పోతా ఉండావా, తగాదాకు పోతా ఉండావా?" అన్నాడు గంగులయ్య గిన్నె నెత్తికెత్తుతూ.

సుధాకర్ ఆమె అనుకున్నట్టు లేడు. బక్కపల్చని మనిషి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, రేకుల మందిరంలో ఉక్కకు చెమటలు కక్కుతూ, గొంతు పెంచకుండా మాట్లాడాడు. పాత నిబంధన ధర్మశాస్త్రంలో దేవుడు తన జనాన్ని వేరు చేశాడన్నాడు. తినే తిండిలో కూడా ఆ వేరు కనబడాలన్నాడు. కామమ్మ కూర్చున్నచోటునుంచే అడిగింది.

"తినడం సరే. పట్టేదీ అమ్మేదీ కూడా పాపమేనా అయ్యా? మాకు బతుకే అది."

"దాన్ని గురించి ఇంకా తేలలేదమ్మా. ప్రార్థన చేస్తున్నాం" అన్నాడు ఆయన. నిజంగానే తేలనట్టు ముఖం పెట్టాడు.

ఆరాధన అయ్యాక ఆవరణలో టార్పాలిను కింద రెండు చాపలు పరిచి ఉన్నాయి. ఎప్పుడూ ఒకటే పొడుగు చాప. ఇవాళ గోడవార ఇంకొకటి, దాని ముందు పప్పు గిన్నె. సుధాకర్ అక్కడ కూర్చున్నాడు. బెన్హర్ పళ్లెం పట్టుకుని రెండింటికీ మధ్య నిలబడ్డాడు. కామమ్మ గరిటె చేత్తో పట్టుకుని ఆయననే చూస్తోంది. ఆయన ఆమెను చూడలేదు. చెప్పులు విడిచి, గోడవారకు నడిచి, సుధాకర్ పక్కన కూర్చున్నాడు.

ఆయన్ని చూసి పాత క్రైస్తవ కుటుంబాలవాళ్లు ఒక్కొక్కరే లేచారు. పోయినవారం తన ఎదురుగా కూర్చుని ఇంకో డెక్క వెయ్యమన్నవాళ్లే. పొడుగు చాప మీద చేపలు పట్టే పల్లెవాళ్లే మిగిలారు, నోట్లో దంతాలు ఊడినట్టు మధ్యమధ్య ఖాళీలతో.

కామమ్మ ఏమీ జరగనట్టు వడ్డించడం మొదలుపెట్టింది. చాప చివరిదాకా వడ్డించి, ఆవరణ గడప అవతల తన పళ్లెం తెచ్చుకుని కూర్చున్న ఆదిశేషమ్మకు కూడా నడుము వంచి, పైనుంచే గరిటె ఒంపింది.

అప్పుడు రెబెక్కమ్మ కుర్చీలోంచి లేచింది.

"అయ్యగారూ, ముద్ద నోట్లో పెట్టుకునేముందు ఒక మాట. మీరిప్పుడు చేసిన పని అంతియొకయలో పేతురు చేసినాడు."

బెన్హర్ తలెత్తాడు.

"యూదులు కాని అన్యజనులతో ఒకే బంతిన కూచోని తింటా ఉండినాడు. యెరూషలేము పెద్ద యాకోబు దగ్గరనుంచి మనుషులు రాగానే లేచి పక్కకు పోయినాడు. ఆయన్ని చూసి బర్నబా లేచినాడు. బర్నబా అంతటోడు. వాళ్లేమీ చెడ్డోళ్లు కాదు. భయపడినారు. పౌలు చాటున అనుకోలేదు, నలుగురిలో మొహం మీదే అడిగినాడు. నాకూ చాటున అనడం చేతగాదు."

సుధాకర్ పళ్లెం కింద పెట్టాడు. "పౌలు మాట ఒక్కటే పట్టుకుంటే ఎట్లా టీచరమ్మా? యాకోబు తక్కువోడా? యెరూషలేములో పెద్దలంతా కూర్చుని అన్యజనులకు కూడా కొన్ని మానమనే గదా చెప్పినారు?"

"చెప్పినారు. విగ్రహాలకు పెట్టింది, రక్తం, గొంతు పిసికింది, వ్యభిచారం. మొగోళ్లకు సున్నతి అక్కర్లేదని కూడా ఆ సభలోనే తేల్చినారు. పొలుసు సంగతి ఎవరూ ఎత్తలేదయ్యా. ఎత్తుంటే పేతురే లేచేవాడు, ఆయనా వలేసి బతికినోడే."

చాప మీద ఎవరో కిసుక్కుమన్నారు. సుధాకర్‌కు కోపం రాలేదు.

"నాకిది సరదా అనుకుంటున్నారా? రొయ్యలంటే నాకు ప్రాణం. మా అమ్మ వేపుడు చేస్తే వీధిచివరకు వాసనొచ్చేది. మానుకున్నా. దేవుడి మాట మనకు కష్టమైనచోటల్లా కొట్టేసుకుంటా పోతే చివరికి ఏం మిగులుతుంది?"

ఆయన పులుసు గిన్నెవైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. అది చూసి కామమ్మకు ఉన్న కసి ఎటు పోవాలో తెలియక రెబెక్కమ్మవైపు తిరిగింది. ఈ మనిషి ఇప్పుడు మా పక్షాన మాట్లాడుతుందేం? మోసిందీ తనే, మంచి అనిపించుకునేదీ తనేనా?

"అదంతా సరే. మా కుండలో ఏముందో సూళ్లూరుపేట దాకా మోసిందెవురు? అది ముందు తేలనీండి."

రెబెక్కమ్మ కళ్లు చిట్లించి చూసింది. గోనె మీదికి లాగిన చేతిని చూసినట్టే చూసింది.

"నేనే కామమ్మక్కా" అన్నాడు బెన్హర్.

అంత మెల్లగా అన్నాడు కాబట్టి మళ్లీ చెప్పవలసి వచ్చింది. "నేనే. పెద్దల కూటంలో అడిగినారు, మీ సంఘం వాళ్లు ఏం తింటారని. చెప్పినా. నువ్వు తింటావా అని అడిగినారు." ఆయన పప్పులో వేలు పెట్టి తీశాడు. "నేను ముట్టనని చెప్పినా."

సుధాకర్ ఆయనవైపు తిరిగి చూశాడు. అది అబద్ధమని ఆయనకూ ఇప్పుడే తెలిసింది. బెన్హర్ పళ్లెం వదిలి లేచి, బోరింగు దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంటూ అక్కడే ఉండిపోయాడు.

కామమ్మ చేతిలో గరిటె కారుతోంది. గెలిచినట్టుగా ఉండాలి గదా, లేదు. అప్పుడు సుధాకర్ అడిగాడు. ఎత్తిపొడుపుగా కాదు, అంతసేపూ అర్థంకాక ఇప్పుడు అడుగుతున్నట్టు.

"అమ్మా, అందరిదీ ఒకటే చాప అంటున్నారు. నేను వచ్చి చాప చీల్చినానంటున్నారు. మరి ఆ తల్లి పళ్లెం ఇంటినుంచి తెచ్చుకుని గడప బయట ఎందుకు కూర్చుంది? నేను రాకముందు కూడా అక్కడేనా? అది ఏ ధర్మశాస్త్రం?"

మాట తప్పించడానికి ఎత్తు వేశాడనుకుంది కామమ్మ. అవునని ఎవరైనా అంటారేమోనని చాపవైపు చూసింది. పల్లెవాళ్లు ఎవరి పళ్లెంలోకి వాళ్లు చూసుకుంటున్నారు. టీచరమ్మ కూడా నోరు మెదపలేదు.

"నాకీడ గాలి బాగొస్తాదయ్యా" అంది ఆదిశేషమ్మ. పళ్లెం ఇంకాస్త దగ్గరికి లాక్కుని, తొందరతొందరగా తినసాగింది.

*

సోమవారం ఆదిశేషమ్మ ఎండ్రకాయలు తేలేదు.

కామమ్మ రొయ్యలు ఒలిచి, టీచరమ్మ ఇంటికి తీసుకెళ్లింది. ఒలిచి ఇవ్వడం ఆమె ఎవరికీ చెయ్యదు. రెబెక్కమ్మ వసారాలో బియ్యం ఏరుకుంటోంది. గిన్నె అందుకుని లోపల పెట్టి వచ్చింది. శనివారం మాట ఇద్దరూ ఎత్తలేదు. చివరికి కామమ్మే అడిగింది.

"మరి ఎండ్రకాయ ఎప్పుడూ మా కాడ కూచోని తినవే?"

రెబెక్కమ్మ పైదవడ పళ్లసెట్టును నాలుకతో కిందికి తోసి చూపించి, మళ్లీ పైకి నొక్కుకుంది.

"డెక్క కొరికితే ఊడి పళ్లెంలో పడుతుంది. నలుగురిలో సిగ్గు. ఇంటికి తెచ్చుకుని రోట్లో నలగ్గొట్టుకుని తింటా."

కామమ్మ నేలకేసి చూసింది. "సూళ్లూరుపేటకు కూడా..."

"దీన్ని సరిచేయించుకోను." రెబెక్కమ్మ చేటలోంచి ఒక రాయి తీసి విసిరింది. "బెన్హర్‌ను ఇక్కడనుంచి తీసేస్తారేమో. మనం రాసి అడుగుదాం, ఉంచమని. భయపడినోడు ఒప్పుకున్నాడు గదా, అది చాలు. నువ్వేమంటావు?"

"అడుగుదాం" అంది కామమ్మ. లేచి నిలబడి, కొంగు దులుపుకుని, అడగబోయిన మాట మానుకుంది. అది టీచరమ్మను అడగవలసింది కాదు.

*

మంగళవారం నడిపొద్దున కామమ్మ కరకట్ట ఎక్కి అవతలికి దిగింది. ఇన్నేళ్లలో ఆ వాలు దిగడం మొదటిసారి. పొద్దుననుంచి ఏమీ తినలేదు. ఆదిశేషమ్మ గుడిసె ముందు మూడు రాళ్ల పొయ్యి మీద కుండ ఉడుకుతోంది.

ఆమెను చూడగానే ఆదిశేషమ్మ లేచి నిలబడింది. "ఎండ్రకాయలు లేవక్కా. నీళ్లు తియ్యలా."

"దానికి రాలా."

"మరి?" గుడిసె లోపలికి, మళ్లీ కట్టవైపుకు చూసింది. "ఏవన్నా పోయిందా మీ ఇంట్లో?"

కామమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. "ఏం పోలా మే. ఊరికే వచ్చినా."

"ఊరికే ఎవురొస్తారు ఈడికి? ఆ సుధాకరయ్య పంపినాడా?"

"లేదు."

"టీచరమ్మ చెప్పిందా పొమ్మని?"

"ఎవురూ చెప్పలా." దారిలో కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. కామమ్మ గుడిసె నీడలో కింద కూర్చుంది. "ఆకలేస్తా ఉండాది. అన్నం పెడతావా?"

ఆదిశేషమ్మ కదల్లేదు. ఆమె కళ్లలోని చూపు కామమ్మకు తెలిసిందే. మొన్నటిదాకా తను టీచరమ్మను చూసిన చూపు.

"అక్కా, ఆదివారం నా పేరెత్తితే అందరూ గొమ్మునుండిపోయినారు. ఇప్పుడు నువ్వొచ్చి తింటానంటావు. నా మీద ప్రేమకు తింటావా, ఆ అయ్యకు జవాబు చెప్పడానికి తింటావా?"

"తెలీదు" అంది కామమ్మ. అంతకంటే నిజం ఆమె దగ్గర లేదు.

ఆదిశేషమ్మ కొంగు నడుముకు దోపుకుంది. తర్వాత అల్యూమినియం పళ్లెం కడిగి తెచ్చి, అన్నం పెట్టి, కుండ మూత తీసింది. కామమ్మ వద్దనుకుంటూనే మెడ చాచి కుండలోకి చూసింది.

"బాగా చూసుకో. చింతచిగురు, రొయ్యపొట్టు. ఇంకేం లేదు."

కామమ్మ తల దించుకుని కలుపుకుంది. మొదటి ముద్ద నోట్లోనే ఉంచుకుంది. నీళ్లు తాగి మింగింది. రెండోది తేలిగ్గా దిగింది. ఉప్పు కాస్త ఎక్కువ, పులుపు సరిగ్గా ఉంది. ఆదిశేషమ్మ పొయ్యి దగ్గర నిలబడే ఉంది, కూర్చోలేదు.

కట్ట మీద సైకిలు చప్పుడైంది. మరిది పోలేరయ్య, హ్యాండిలుకు వల వేలాడేసుకుని పోతున్నాడు. ఆగి, ఒక కాలు నేలకు ఆనించాడు.

"ఎవురదీ, వదినా?"

కామమ్మ కుడిచెయ్యి పళ్లెంలోంచి లేచి ఒళ్లోకి వచ్చేసింది. ఆమె తియ్యలేదు, అదే వచ్చింది. మెతుకులు చీరకు అంటుకున్నాయి. ఆదిశేషమ్మ చూసింది. చూసి, ఏమీ అనకుండా, చూడనట్టు మొహం పొయ్యివైపు తిప్పుకుని కట్టెలు లోపలికి ఎగదోసింది. అట్లా చూడనట్టు ఉండడం ఆమెకు ఎంత అలవాటో కామమ్మకు అప్పుడు తెలిసింది. బెన్హర్ చాపల మధ్య నిలబడ్డప్పుడు ఆయన కాళ్లు కూడా ఇట్లాగే వాటంతటవే నడిచి ఉంటాయి.

"ఏం చేస్తా ఉండావు వదినా ఈడ?"

చెయ్యి మళ్లీ పళ్లెంలో పెట్టింది. "అన్నం తింటా ఉండా."

"ఈళ్లింట్లోనా?"

"ఈళ్లింట్లోనే. కనపడలా?"

పోలేరయ్య ఇంకేదో అనబోయి, మానుకుని, పెడలు తొక్కాడు. కట్ట మలుపు తిరిగేదాకా రెండుసార్లు వెనక్కి చూశాడు.

"ఊరంతా చెప్తాడు" అంది ఆదిశేషమ్మ పొయ్యిలోకి చూస్తూనే.

"చెప్పనీ. ఇంకొంచెం కూర ఎయ్యి."

ఆదిశేషమ్మ వేసింది. గరిటె పట్టుకుని కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత లోపలికి వెళ్లి, తన పళ్లెం కూడా తెచ్చుకుని, ఎదురుగా నేల మీద కూర్చుంది.